సిరా డ్యూటీ

శ్రీరాంపురం సర్కారు బడి, రూము నంబరు నాలుగు.
నిన్న సాయంత్రమే గోడమీది అక్షరాల చార్టులో
కమలానికి, ఏనుక్కి, సైకిలుకి, అరచేతికి
పేపరు ముక్కలు అంటించాం.
ఇవాళ ఒక్కరోజు పిల్లల పాఠం కూడా ప్రచారమేనట.

తెల్లారకముందే ఏజెంట్ల ఎదురుగా
యాభై ఉత్తుత్తి ఓట్లు మేమే నొక్కి చూశాం,
మిషనుకు లెక్క వచ్చో రాదోనని.
ఎవరికి ఎందుకు పడ్డాయో నాకు ఖాయంగా తెలిసినవి
ఆ యాభయ్యే.
వాటిని చెరిపేసి ఏడింటికి తలుపు తీశాం.

నా పని సిరా.
గోరు మీంచి మొదటి కణుపు దాకా ఒక గీత.
మొహాలు చూసే తీరిక లేదు.

మొదటి వేలు ఓబుళమ్మది.
నాలుగింటికే లేచి ఈ బడి ముందు రోడ్డు ఊడ్చిన చెయ్యి.
"వెయ్యకుంటే సచ్చిపొయ్యిందనుకుంటారు మేడమ్మా.
పోయినసారి మా ఆయప్పను బతికుండంగానే లిస్టులో కొట్టేసినారు.
పొయ్యి అడిగితే, బతికుండాడని కాగితం తెమ్మన్నారు."
ఏడుగురి పేర్లలో ఆమె ఒక్కటీ చదవలేదు.
కానీ మూడు నెలలు జీతం ఆగినప్పుడు
ఎవరి గేటు తెరుచుకుందో, ఎవరి కుక్క మాత్రమే పలికిందో
వారంతో సహా చెప్పగలదు.

వెనకాల కుర్రాడు ఏడుగురి అఫిడవిట్లూ చదివొచ్చాడు.
ఫోను గేటు దగ్గర ఇచ్చేయాలని
కేసులెన్నో, ఆస్తులు ఎన్ని రెట్లయ్యాయో
అరచేతిలో రాసుకొచ్చాడు, పరీక్షకొచ్చిన పిల్లాడిలాగా.
అట్ట వెనక చాలాసేపు నిలబడ్డాడు.
బీప్ రాదే!
తెలిసేకొద్దీ వేలు బరువెక్కుతుందేమో.
మోగాక, వెళ్తూ వెళ్తూ ఆగి అడిగాడు:
"వార్డు ఆఫీసు ఎక్కడ మేడమ్?
మా వీధి లైటు ఆర్నెల్లుగా వెలగట్లేదు."

చలపతి వాళ్లన్న ఓటును కొట్టేయడానికి వచ్చాడు.
మధ్యగోడ తగాదా.
అన్న ఎవరికి వేశాడో తెలీదు, ఒక ఊహ.

మంగళగౌరి చంకలో బిడ్డతో, పక్కామెకు చెబుతూనే వచ్చింది:
"కుక్కరైతే ఇచ్చినారు, విజిలు ఇయ్యలేదు.
గెలిచినాక ఇస్తారంట."
ఆ ఇంట్లో పప్పు ఉడకాలంటే ఒకడు గెలవాలి.
ఇంత తేటగా రాసిన మేనిఫెస్టో నేనింతవరకూ చదవలేదు.
నవ్వబోయి ఆగాను.
మా స్టాఫ్‌రూములో పెన్షను గురించే కదా
నెలరోజులుగా మా మాటలన్నీ.
మాది విజిలు కాదా?

తల్లి అట్ట వెనక ఉండగా ఆ బిడ్డ చార్టు దగ్గరికి పోయి
పేపరు పీకి "ఏనుగూ!" అని కేకేసింది.
ఏజెంట్లందరూ ఒక్కసారే లేచారు.
ఈ గదిలో ఇవాళ
మనసులో మాట పైకి చెప్పింది అదొక్కతే.

మధ్యాహ్నం ఒక మేస్త్రీ వచ్చాడు. ఎడమ చూపుడువేలు లేదు.
అట్లాంటప్పుడు పక్క వేలికి పెట్టాలి, రూలుంది.
ఆ చెయ్యే లేకపోతే కుడిచేతికి, దానికీ రూలుంది.
ఎందుకు వేస్తున్నావని అడగడానికి ఏ రూలూ లేదు.
మంచిదే.
అడిగితే, ఆ అట్ట వెనక్కి ఎంతమంది పోగలరు?
నేను పోగలనా?

ఆరింటికి మిషను మూసి లక్క వేశాం.
రిజిస్టరులో ఏడువందల నలభై మూడు, మిషనులోనూ అంతే.
లెక్కల టీచర్ని, ఆనందం వేసింది ఒక్క క్షణం.
అప్పుడు గుర్తొచ్చింది
హ్యాండుబ్యాగులో, కరెంటు బిల్లు మడతలో,
నేను నింపని పోస్టల్ బ్యాలెట్ ఫారం.
ట్రైనింగు రోజున ఇచ్చారు. గడువు దాటిపోయింది.
గుమ్మం పక్క కాగితంలో ఏడు పేర్లూ
పొద్దుణ్ణించీ వరసగా కంఠతా వచ్చేశాయి.
పేర్లే.

రాత్రి పదకొండున్నర, మెజెస్టిక్ బస్సు.
సీసా కారి నా కుడిచేయి ఐదు వేళ్లూ నల్లగా ఉన్నాయి.
చిల్లర ఇస్తూ కండక్టరమ్మ చూసి కన్నడంలో నవ్వింది:
ఎన్ని ఓట్లేశావు తల్లీ నువ్వు?

టికెట్టు తీసుకుని
చెయ్యి కొంగులో పెట్టుకున్నాను.